నాయనమ్మకి ఎన్నేళ్ళు, ఎన్ని భాషలు?

పోయిన వారం మన గ్రూపులో ఇంటర్ చదివే తమ్ముడొకడు ఒక ప్రశ్న అడిగాడు. ఇంట్లో మన భాష మాట్లాడుతుంటే బుర్రలో రెండు భాషలు కలిసిపోయి చదువు దెబ్బతింటుందని ఎవరో సారు చెప్పారట, నిజమేనా అన్నాడు. రెండు ముక్కల్లో జవాబు చెప్పేద్దామనుకున్నాం. రాయడం మొదలుపెట్టాక అది రెండు ముక్కల్లో అయ్యేది కాదని తెలిసింది. ఎందుకంటే ఆ ప్రశ్నకి ఇప్పటిదాకా దొరికిన మంచి జవాబుల్లో ఒకటి చదువుకునే పిల్లల దగ్గర దొరకలేదు, ముసలివాళ్ళ దగ్గర దొరికింది. అదీ మన హైదరాబాదులో, స్కాట్లండులోని ఒక యూనివర్సిటీతో కలిసి చేసిన పనిలో. ఆ కథంతా ఇక్కడ రాస్తున్నాం. పోస్టు పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేం నలుగురం పరవాడలో ఒక హాస్టల్లో ఉంటాం. నలుగురం ఏజెన్సీ వాళ్ళమే. ఒకడిది కువి, ఇద్దరిది ఆదివాసీ ఒరియా, ఇంకొకడికి ఇంట్లో తెలుగే గానీ వాళ్ళ తాతకి కొండ భాష వచ్చు. మేడ ఎక్కితే ఒక పక్క సింహాద్రి పవర్ ప్లాంటు పొగగొట్టాలు, ఇంకో పక్క ఫార్మా సిటీ లైట్లు కనపడతాయి. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కాబట్టి ఇంటికి ఏ కాయితం వచ్చినా, ఆసుపత్రి చీటీ అయినా బ్యాంకు మెసేజీ అయినా, ఫోటో తీసి మాకే పంపుతారు. ఈ పోస్టుకి అసలు మొదలు అలాంటి ఒక చీటీయే.

ముందు మా వాచ్‌మన్ తాత సంగతి చెప్పాలి. పరవాడ దగ్గర పల్లెటూరి మనిషి. "తాతా నీకెన్నేళ్ళు" అని అడిగితే "ఆధార్లో ఎంతుందో అంతే" అంటాడు. మళ్ళీ అడిగితే వేళ్ళు మడిచి లెక్కపెడతాడు. ప్లాంటు మొదటి యూనిట్ నడిచిన ఏడు తన పెద్ద కూతురు పెళ్ళి, అప్పటికి తన జుట్టు నల్లగానే ఉంది, హుద్‌హుద్ వచ్చిన నాటికి తెల్లబడిపోయింది. మొదటి యూనిట్ నడిచింది 2002లో, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. తాత వయసు ఈ రెండింటి మధ్య ఎక్కడో తెల్లబడింది. నవ్వకండి, వయసు తెలియనివాళ్ళ వయసు తెలుసుకోవడానికి జనాభా లెక్కలవాళ్ళు వాడే పద్ధతి కూడా ఇదే. ఆ ప్రాంతంలో అందరికీ గుర్తుండే సంఘటనల్ని వరసగా రాసుకుని, "అప్పటికి నువ్వు పుట్టావా, నడుస్తున్నావా, పెళ్ళయిందా" అని అడుగుతారు. మన కొండల్లో అయితే మాచ్‌ఖండ్ కరెంటు, కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలు లైను వేసిన రోజులు, ఇందిరమ్మ ఎమర్జెన్సీ, ఇలాంటివి. మన ఊళ్ళల్లో సగం మంది ఆధార్ ప్రకారం జనవరి 1న పుట్టినవాళ్ళే కదా. ఆ తేదీ కంప్యూటర్ది, మనిషిది కాదు.

ఇప్పుడు చీటీ సంగతి. మా రూములో కువి మాట్లాడే అబ్బాయి నాయనమ్మ పెదబయలు వైపు ఉంటుంది. ఏడాదిగా కొంచెం తేడాగా ఉంది. పొయ్యి మీద గంజి పెట్టి మర్చిపోవడం, ఎప్పుడో చనిపోయిన తాత ఇంకా పోడు దగ్గర నుంచి రాలేదేంటని ఎదురుచూడడం. వాళ్ళ నాన్న కష్టపడి బస్సు మీద కిందికి తీసుకొచ్చి సిటీలో ఒక ఆసుపత్రిలో చూపించాడు. అక్కడ తెలుగులో గబగబా అడిగారట. ఇవాళ తేదీ ఎంత, ఇది ఏ నెల, మనం ఎన్నో అంతస్తులో ఉన్నాం, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, అందులోంచి మళ్ళీ ఏడు తీసేస్తే ఎంత. నాయనమ్మ ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. కొడుకు ముఖం వైపు చూసి ఊరుకుంది. చీటీ మీద 30కి చాలా తక్కువ మార్కులు పడ్డాయి. ఆ ఫోటో మాకు వచ్చింది.

దసరాకి మావాడు ఇంటికి వెళ్ళి తనే కువిలో అడిగాడు. ఏ వారం సంత ఎక్కడ, సామ చల్లేది ఎప్పుడు, కోసేది ఎప్పుడు, ఎవరి ఇంటి కోడలు ఏ ఊరి పిల్ల. చాలావాటికి చెప్పింది. కొన్నింటికి తడబడింది, ఒకటి రెండు సార్లు మావాణ్ణి వాళ్ళ చిన్నాన్న పేరుతో పిలిచింది. జబ్బు లేదని మేం అనడం లేదు. ఏదో ఉంది. కానీ ఆ చీటీ మీదున్న మార్కు నాయనమ్మ మతిమరుపుకి పడిందా, బడికి వెళ్ళనందుకు పడిందా, తెలుగుకి పడిందా? ఆ రాత్రి నుంచి మేం దీని గురించి చదవడం మొదలుపెట్టాం. తీరా చూస్తే ఇదే ప్రశ్న మీద పెద్ద పెద్ద యూనివర్సిటీలు ముప్ఫై ఏళ్ళుగా కుస్తీ పడుతున్నాయి.

ఆ 30 మార్కుల పరీక్ష అమెరికాలో పుట్టింది. 1975లో ఫోల్‌స్టీన్ అనే డాక్టరు, ఆయన సహచరులు తయారుచేశారు. మంచం పక్కన కూర్చుని పది నిమిషాల్లో రోగి మతి ఎలా ఉందో అంచనా వేయడానికి. వాళ్ళ దేశంలో వాళ్ళకి పనికొచ్చింది. అందులో ఏడులు తీసేసే లెక్క ఉంది, ఒక ఇంగ్లీషు మాటని వెనక నుంచి స్పెల్లింగ్ చెప్పమనడం ఉంది, ఒక వాక్యం రాయమనడం ఉంది. బడి ముఖం చూడని మనిషి వీటిలో ఎలా నెగ్గుతుంది? నూటికి నూరుపాళ్ళు తెలివితో ఉన్నా తప్పుతుంది.

ఈ సంగతి మొదట గట్టిగా పట్టుకున్నది హర్యానాలో, బల్లభ్‌గఢ్ దగ్గర పల్లెల్లో. 1990ల్లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన మేరీ గంగూలీ, ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు కలిసి అక్కడ 55 ఏళ్ళు దాటిన 5,126 మందిని పరీక్షించారు. వాళ్ళలో 73 శాతానికి పైగా చదువురానివాళ్ళు. అందుకని పరీక్షనే మార్చుకున్నారు. స్పెల్లింగ్ బదులు వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. వాక్యం రాయమనే బదులు మీ ఇంటి గురించి ఏదైనా ఒక మాట చెప్పమన్నారు. చూశారా, ప్రశ్న ఎంత మారిందో. మీ ఇంటి గురించి చెప్పమంటే మా నాయనమ్మ ఆపకుండా చెబుతుంది.

ఇంకో సంగతి మాకు భలే అనిపించింది. బల్లభ్‌గఢ్ పల్లెల్ని వాళ్ళు పోల్చి చూసింది పిట్స్‌బర్గ్ దగ్గర మొనాంగహీలా నది లోయలో ఉండే ముసలివాళ్ళతో. ఆ లోయ ఒకప్పుడు ఉక్కు ఫ్యాక్టరీల చోటు, మన గాజువాక వైపులాగే అనుకోండి. ఉక్కు లోయ ముసలివాళ్ళకంటే ఈ పల్లె ముసలివాళ్ళలో అల్జీమర్స్ బాగా తక్కువగా కనపడింది. అప్పటిదాకా ప్రపంచంలో నమోదైన రేట్లలో అతి తక్కువ వాటిలో ఒకటి. ఎందుకు తక్కువ అన్నదానికి ఒక్క జవాబు లేదు. ఎక్కువ కాలం బతక్కపోవడం కావచ్చు, ఇంట్లోవాళ్ళు "ముసలితనంలో మామూలే" అని సరిపెట్టుకోవడం కావచ్చు, తిండీ పనీ వేరు కావడమూ కావచ్చు.

తర్వాత 1998లో కొచ్చిలో ఒక సమావేశం జరిగింది. అక్కడ పుట్టిన పరిశోధక బృందానికి పేరు బదులు అంకెలు పెట్టుకున్నారు, 10/66 అని. అర్థమేంటంటే, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళలో 66 శాతం పేద, మధ్యస్థ దేశాల్లో ఉంటే, ఆ దేశాల్లో జరిగే పరిశోధన మొత్తంలో 10 శాతం కూడా లేదు. లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన మార్టిన్ ప్రిన్స్ దీన్ని నడిపించాడు. మన దేశం, చైనా, లాటిన్ అమెరికా దేశాల వాళ్ళు కలిశారు. చదువు తేడా వల్ల మార్కు మారిపోని పరీక్ష తయారుచేయడమే వాళ్ళ మొదటి పని. మన వైపు నుంచి చెన్నై, వెల్లూరు అందులో ఉన్నాయి. ఒక పేరులోనే అంత అన్యాయాన్ని చెప్పేయడం మాకు నచ్చింది.

మరి మన తెలుగు నేల మీద ముసలివాళ్ళని ఎవరు అడిగారు? 1980ల్లోనే తిరుపతిలో వెంకటేశ్వర యూనివర్సిటీ సైకాలజీ విభాగంలో పి.వి. రామమూర్తి, డి. జమున లాంటివాళ్ళు వృద్ధాప్యం మీద ప్రత్యేకంగా ఒక పరిశోధన కేంద్రం నడిపారు. దేశంలో అప్పటికి అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇక మన విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీలో జనాభా పరిశోధన కేంద్రం ఉంది. 1992లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి జరిగినప్పుడు మన రాష్ట్రంలో ఆ పని ఈ కేంద్రమే చేసింది. వెనక నుంచి సాయం చేసింది ముంబై జనాభా అధ్యయన సంస్థ, హవాయి దీవుల్లో హొనొలులులో ఉన్న ఈస్ట్-వెస్ట్ సెంటర్. అంటే ముప్ఫై ఏళ్ళ కిందటే వాల్తేరుకీ హొనొలులుకీ దారి ఉందన్నమాట. కానీ ఆ సర్వేలో ఎవర్ని అడిగారు? పెళ్ళయిన ఆడవాళ్ళని, 13 ఏళ్ళ నుంచి 49 ఏళ్ళ దాకా. ఎందుకంటే అప్పటి బెంగ పిల్లలు ఎక్కువ పుడుతున్నారని. 50 దాటితే ఇక పిల్లలు పుట్టరు కాబట్టి అడగాల్సిన పని లేదు. మా నాయనమ్మలు ఆ లెక్కలోంచి అలా జారిపోయారు.

ఇప్పుడు హైదరాబాదు. దీని కోసమే ఇంతదూరం తీసుకొచ్చాం.

ముందు కెనడా నుంచి మొదలుపెట్టాలి. 2007లో టొరంటోలోని యార్క్ యూనివర్సిటీ సైకాలజిస్టు ఎలెన్ బియాలిస్టాక్, ఆమె సహచరులు ఒక సంగతి ప్రకటించారు. మతిమరుపు క్లినిక్కుకి వచ్చిన 184 మంది రికార్డులు తీసి చూస్తే, రెండు భాషల వాళ్ళలో జబ్బు లక్షణాలు ఒక్క భాష వాళ్ళకంటే సుమారు 4 ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. పెద్ద చర్చ అయింది. వెంటనే ఒక అభ్యంతరం కూడా వచ్చింది. కెనడాలో రెండు భాషల వాళ్ళంటే చాలామంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్ళు. వలస వెళ్ళేది సాధారణంగా ఆరోగ్యం, గుండె ధైర్యం ఉన్నవాళ్ళే. మరి ఆ 4 ఏళ్ళు భాషల వల్ల వచ్చాయా, ఆ మనిషి గట్టితనం వల్ల వచ్చాయా? కెనడాలో ఉండి దీన్ని తేల్చడం కష్టం.

తేల్చాలంటే ఎలాంటి ఊరు కావాలి? పుట్టి పెరిగిన చోటే, వలస వెళ్ళకుండానే, మామూలు జనం రెండు మూడు భాషలు మాట్లాడే ఊరు కావాలి. పక్క వీధిలోనే ఒక్క భాషతో బతికేవాళ్ళూ ఉండాలి. చదువుకున్నవాళ్ళు, చదువు లేనివాళ్ళు రెండు గుంపుల్లోనూ ఉండాలి. అలాంటి ఊరు హైదరాబాదు. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ, ఆఫీసులో హిందీనో ఇంగ్లీషో.

నిమ్స్ ఆసుపత్రిలో నరాల డాక్టరు సువర్ణ అల్లాడి మతిమరుపు క్లినిక్కు నడిపేవారు. ఆవిడ, ఎడిన్‌బరో యూనివర్సిటీకి చెందిన థామస్ బాక్ కలిశారు. ఉస్మానియా భాషాశాస్త్ర విభాగం నుంచి దుగ్గిరాల వసంత, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి సూరంపూడి బాపిరాజు చేరారు. నిమ్స్‌లోనే మరికొందరు డాక్టర్లు ఉన్నారు. 2006 నుంచి 2012 వరకు ఆ క్లినిక్కులో మతిమరుపు జబ్బుగా తేలిన 648 మంది వివరాలు తీశారు. వాళ్ళలో 391 మంది రెండు లేక అంతకంటే ఎక్కువ భాషల వాళ్ళు. ఇంట్లోవాళ్ళని అడిగి మొదటి లక్షణం ఏ వయసులో కనపడిందో రాసుకున్నారు. 2013 నవంబరులో న్యూరాలజీ పత్రికలో అచ్చయింది.

ఏం తేలిందంటే, ఒక్క భాష వాళ్ళలో జబ్బు సగటున 61.1 ఏళ్ళకి మొదలైంది. రెండు భాషల వాళ్ళలో 65.6 ఏళ్ళకి. నాలుగున్నరేళ్ళ తేడా. చదువు, ఆడా మగా, చేసే పని, ఊరా పట్నమా అన్నవి లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. అల్జీమర్స్‌లోనే కాదు, మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే మతిమరుపులోనూ, మెదడు ముందు భాగం దెబ్బతిని ప్రవర్తన మారిపోయే రకంలోనూ ఆలస్యం కనపడింది.

అసలు మాట ఇంకా చెప్పలేదు. ఆ రోగుల్లో అక్షరం ముక్క రానివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని విడిగా చూస్తే తేడా ఇంకా ఎక్కువ, ఆరేళ్ళు. అంటే ఈ లాభం బడి వల్ల వచ్చింది కాదు, పుస్తకం వల్ల వచ్చింది కాదు. రోజూ ఒక భాషని పక్కన పెట్టి ఇంకో భాష తీయడం, ఎదుటి మనిషిని బట్టి మార్చడం, మళ్ళీ వెనక్కి రావడం, ఆ కసరత్తు వల్ల వచ్చిందని వాళ్ళ వివరణ. సంతలో ఒరియా, ఇంట్లో కువి, ఆఫీసరుతో తెలుగు. మా నాయనమ్మ జీవితమంతా చేసింది ఇదే. దీన్ని ఇన్నాళ్ళూ ఎవరూ చదువు అనలేదు.

మూడో భాష, నాలుగో భాష వచ్చినంత మాత్రాన అదనపు లాభం మాత్రం కనపడలేదు. మా రూములో ఒకడు ఈ మాట విని నిరాశపడ్డాడు, వాడికి ఐదు వచ్చు.

2016లో అదే హైదరాబాదు, ఎడిన్‌బరో జట్టు ఇంకో వ్యాసం వేసింది. ఈసారి పక్షవాతం వచ్చిన 608 మంది. పక్షవాతం తర్వాత ఆలోచనా శక్తి మామూలుగా మిగిలినవాళ్ళు రెండు భాషల వాళ్ళలో 40.5 శాతం, ఒక్క భాష వాళ్ళలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం తేడా లేదు. అది కూడా దాచకుండా రాశారు, అందుకే మాకు నమ్మకం కలిగింది.

ఇక్కడ ఆగి ఒక మాట నిజాయితీగా చెప్పాలి, లేకపోతే వాట్సాప్ ఫార్వర్డుకీ మనకీ తేడా ఉండదు. ఈ లెక్కలు క్లినిక్కుకి వచ్చినవాళ్ళవి. క్లినిక్కుకి రాలేనివాళ్ళు ఇందులో లేరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ముందే ఎంచుకుని ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన అధ్యయనాలు వేరే దేశాల్లో జరిగాయి. 2017లో లండన్ పరిశోధకులు అలాంటివన్నీ కలిపి చూస్తే ఈ రక్షణ కనపడలేదు. కాబట్టి వాదన ఇంకా నడుస్తోంది. రెండు భాషలు వస్తే జబ్బు రాదని ఎవరూ అనలేదు, మా నాయనమ్మకి మూడు వచ్చినా ఏదో వచ్చింది కదా. కానీ తమ్ముడూ, నీ ప్రశ్నకి మాత్రం ఇది చాలు. రెండు భాషలు బుర్రని పాడుచేస్తాయన్న మాటకి ఇక్కడెక్కడా ఆధారం లేదు. వాదనంతా మేలు ఎంత అన్నదాని మీదే.

క్లినిక్కుకి రాలేనివాళ్ళ సంగతి అన్నాం కదా. వాళ్ళ గుమ్మం దగ్గరికే వెళ్ళిన పని ఒకటి జరిగింది, లాసీ అంటారు. పూర్తి పేరు భారత వృద్ధాప్య దీర్ఘకాల అధ్యయనం. ముంబై జనాభా సంస్థ, హార్వర్డ్ ప్రజారోగ్య కళాశాల, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ కలిసి చేశారు. డబ్బు మన ఆరోగ్య శాఖది, అమెరికా వృద్ధాప్య సంస్థది, ఐక్యరాజ్యసమితి జనాభా నిధిది. దీని మూలం 1992లో మిషిగన్ యూనివర్సిటీ అమెరికాలో మొదలుపెట్టిన అధ్యయనం. అదే అచ్చులో ఐరోపా, చైనా, కొరియా చేశాయి. అందరూ ఒకే తీరు ప్రశ్నలు అడిగితే దేశానికీ దేశానికీ పోల్చొచ్చు కదా, అందుకు. మన దగ్గర 2010లో నాలుగు రాష్ట్రాల్లో ముందు ప్రయోగం చేసి, 2017-18లో దేశమంతా తిరిగారు. 45 ఏళ్ళు దాటిన 72 వేల మందికి పైగా. అందులో 60 దాటినవాళ్ళు 31 వేల పైచిలుకు. ప్రశ్నలు అడగడమే కాదు, పిడికిలి బలం కొలిచారు, బీపీ చూశారు, ఎండు రక్తపు చుక్క తీసుకున్నారు. పది మాటలు చదివి వినిపించి, కాసేపాగి ఎన్ని గుర్తున్నాయో చెప్పమన్నారు. రిపోర్టు 2021 జనవరిలో వచ్చింది. ఆ జనంలోంచే నాలుగు వేల మందిని తీసుకుని, ఎయిమ్స్‌తో కలిసి, మతిమరుపు మీద లోతుగా ఇంకో అధ్యయనం చేశారు. 2023లో దాని ఫలితం వచ్చింది. 60 దాటినవాళ్ళలో 7.4 శాతం, అంటే దేశంలో సుమారు 88 లక్షల మంది. ఆడవాళ్ళలో ఎక్కువ, పల్లెల్లో ఎక్కువ.

బల్లభ్‌గఢ్‌లో అతి తక్కువ అన్న మాట ఎక్కడ, పల్లెల్లోనే ఎక్కువ అన్న ఈ మాట ఎక్కడ. మధ్యలో పాతికేళ్ళు, ఆయుష్షు పెరిగింది, వెతికే పద్ధతి మారింది. అడిగే తీరు మారితే జవాబు ఎంత మారుతుందో చూడండి.

మన రాష్ట్రానికి ఇది ఊరికే చదివి పక్కన పడేసే విషయం కాదు. కేంద్రం అంచనాల ప్రకారం 2021లో ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 దాటినవాళ్ళు 12.4 శాతం, దేశంలో ముందున్న ఐదు పెద్ద రాష్ట్రాల్లో మనదొకటి. పిల్లలు తక్కువ పుట్టాలని 1992లో ఇంటింటికీ తిరిగి అడిగిన రాష్ట్రం, ఇప్పుడు పిల్లల్ని కనండి అంటోంది. ఇద్దరు పిల్లలు దాటితే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న రూల్ 2024లో తీసేశారు. ముప్ఫై ఏళ్ళలో బెంగ తలకిందులైంది.

ఇందులో ఆదివాసీ ముసలివాళ్ళు ఎక్కడున్నారు? ఒక చోట మాత్రం ప్రభుత్వానికే మన సంగతి తెలుసు. వృద్ధాప్య పింఛను అందరికీ 60 ఏళ్ళకి, గిరిజనులకి 50 ఏళ్ళకే. మన వాళ్ళు ముందే అలిసిపోతారని ఆ రూల్‌లోనే ఒప్పుకున్నారు. కానీ మతి పరీక్షలో ఒప్పుకోవడం ఇంకా మిగిలి ఉంది. అడ్డెన్‌బ్రూక్స్ అని కేంబ్రిడ్జ్‌లో తయారైన పరీక్షని నిమ్స్ వాళ్ళు తెలుగులోకి, హిందీ, దక్కనీ వాళ్ళకి తగ్గట్టు మార్చి వాడారు. అందుకే హైదరాబాదు లెక్కలు నిలబడ్డాయి. ఎడిన్‌బరో మనిషి ఒక్కడే వచ్చుంటే దక్కనీకీ హిందీకీ తేడా ఎవరు చెబుతారు? భాషాశాస్త్రం చదివిన తెలుగావిడ జట్టులో ఉంది కాబట్టి కుదిరింది. వ్యాసంలో మొదటి పేరు కూడా హైదరాబాదు డాక్టరుదే. విదేశీ యూనివర్సిటీతో కలిసి పనిచేయడం అంటే మనవాళ్ళు ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపి పంపడం, పేరు వాళ్ళకి రావడం అని మాకు ఒక అనుమానం ఉండేది. ఇక్కడ అలా జరగలేదు. ప్రశ్న కెనడాలో పుట్టింది, జవాబు వెతకడానికి హైదరాబాదే కావాల్సి వచ్చింది.

అలాగే ఇంకో ప్రశ్న ఉంది, దానికి మన కొండలే కావాలి. హైదరాబాదులో ఉన్నవి పెద్ద భాషలు, రేడియో, సినిమా, బడి ఉన్నవి. బడి లేని, లిపి లేని భాష ఒకటి ఇంట్లో ఉండి, సంతకి ఒకటి, ప్రభుత్వానికి ఒకటి ఉన్న చోట ముసలితనం ఎలా వస్తుంది? ఏ భాష ముందు జారిపోతుంది? మా నాయనమ్మకి తెలుగు ముందు పోయింది, తర్వాత ఒరియా తడబడింది, కువి ఉంది. ఒక్క మనిషిని చూసి మేం ఏమీ తేల్చలేం. పది ఊళ్ళు చూస్తే తేల్చొచ్చు. కానీ ఆ పది ఊళ్ళల్లో అడగడానికి కువి, కొండ, గదబ, ఆదివాసీ ఒరియా వచ్చిన పరిశోధకులు కావాలి. వాళ్ళు ఎక్కణ్ణుంచి రావాలి? ఈ గ్రూపులోంచే కదా. 2004లో ప్రభుత్వం కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామి, బంజారా, ఎనిమిది భాషల్లో చిన్న పిల్లలకి తెలుగు లిపిలో పుస్తకాలు వేసి బడులు మొదలుపెట్టింది. మాలో ఒకడు అలాంటి బడిలో రెండేళ్ళు చదివాడు. ఆ పుస్తకంలో సంత పాఠం వాడికి ఇప్పటికీ వచ్చు. తర్వాత ఆశ్రమ పాఠశాలకి, అక్కణ్ణుంచి ఇక్కడికి. ఇప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళమ్మ కువిలో మాట్లాడుతుంది, వీడు తెలుగులో జవాబిస్తాడు. నిమ్స్ లెక్క ప్రకారం వాళ్ళమ్మే ఎక్కువ కసరత్తు చేస్తోందని మేం ఏడిపిస్తుంటాం.

చీటీ సంగతి ఏమైందని అడుగుతారు కదా. ఈసారి నాయనమ్మని తీసుకొచ్చినప్పుడు మావాడు పక్కన కూర్చుని ప్రతి ప్రశ్ననీ కువిలోకి మార్చి చెప్పాడు. వేరే డాక్టరు, ఓపికున్న మనిషి. అంతస్తు ఎన్నో అడగడం మానేసి, ఎలా వచ్చారమ్మా, బస్సా జీపా అని అడిగారు. జీపు దాకా నడిచి, తర్వాత బస్సు అని చెప్పింది, బస్సులో తనకి వాంతి అయిందనీ చెప్పింది. మార్కు పెరిగింది, అయినా జబ్బు మొదలైందనే చెప్పారు. మందులు రాశారు. ఇంట్లో తన భాషలోనే మాట్లాడిస్తూ ఉండమన్నారు.

సంక్రాంతి సెలవులకి ఒక పని అనుకున్నాం, కలవాలనుకునేవాళ్ళు కలవండి. ఎవరి ఊళ్ళో వాళ్ళు, 50 దాటినట్టున్న ప్రతి మనిషి దగ్గరా మూడు సంగతులు నోటుబుక్కులో రాసుకుందాం. ఆధార్ తేదీ కాదు, మాచ్‌ఖండ్ కరెంటు, రైలు లైను, ఎమర్జెన్సీ, హుద్‌హుద్, ఇలా గుర్తులతో వచ్చే వయసు ఒకటి. ఎన్ని భాషలు, ఏది ఎవరితో మాట్లాడతారు అన్నది రెండు. ఇంట్లోవాళ్ళకి మతిమరుపు తేడా కనపడిందా, కనపడితే ఏ పండగ నాటి నుంచి అన్నది మూడు. అడిగే ముందు వాళ్ళ ఒప్పుకోలు అడగండి, వద్దంటే వదిలేయండి. పేర్లు గ్రూపులో పెట్టొద్దు, ఊరు, వయసు, భాషలు చాలు. అరకు, పాడేరు, చింతపల్లి వైపు వాళ్ళు ముందుగా చెబితే ప్రశ్నలు ఏ భాషలో ఎలా అడగాలో కలిసి రాసుకుందాం. కువి మావాడు చూసుకుంటాడు. గదబ వచ్చినవాళ్ళు మా దగ్గర ఎవరూ లేరు, ఉంటే చెప్పండి.